వరి మడి బురద నుంచి ఎసిటోజెన్లను పెంచడం ఎలా?

ఫ్రక్టోజ్ వేసిన సీసాలో రెండు రోజులకే మసక వస్తుంది. అదే కల్చర్‌ను హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్న సీసాలో వేస్తే రెండు వారాలైనా ద్రవం తేటగానే ఉంటుంది. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను ఎసిటిక్ ఆమ్లంగా మార్చే బ్యాక్టీరియా, అంటే ఎసిటోజెన్ల మీద ప్రాజెక్టు తీసుకున్న ఎమ్మెస్సీ విద్యార్థులు ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఆక్సిజన్ దూరిందేమో అనుకుని మీడియం (బ్యాక్టీరియా పెరిగే పోషక ద్రవం) మళ్లీ మళ్లీ కాస్తూ కూర్చుంటారు. చాలాసార్లు తప్పు ఆక్సిజన్‌ది కాదు. గ్యాస్ మీద బతికేటప్పుడు ఈ బ్యాక్టీరియాకు మిగిలే శక్తి మరీ తక్కువ. మీడియంలో ఏ చిన్న లోటున్నా తట్టుకోలేదు. అందుకే ముందు దాని శక్తి లెక్క చూసి, తర్వాత సీసాల దగ్గరికి వద్దాం.

శక్తి లెక్క

నాలుగు హైడ్రోజన్ అణువులు, రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు కలిపి ఒక ఎసిటిక్ ఆమ్లం, రెండు నీటి అణువులు చేయడం ఎసిటోజెన్ పని. వెనిగర్ చేసే ఎసిటోబ్యాక్టర్‌తో దీనికి చుట్టరికం లేదు. ఎసిటోబ్యాక్టర్ ఆక్సిజన్ లేకపోతే పని చేయదు, ఎసిటోజెన్ ఆక్సిజన్ ఉంటే పని చేయదు.

ఈ చర్యలో ప్రామాణిక పరిస్థితుల్లో వచ్చే శక్తి ఒక ఎసిటేట్ మోల్‌కు 95 కిలోజౌళ్లు. అంతే హైడ్రోజన్‌తో మీథేన్ చేసే ఆర్కియా అనే సూక్ష్మజీవులకు 131 కిలోజౌళ్లు దక్కుతాయి. ఒకే సీసాలో రెండూ ఉంటే మీథేన్ చేసేవే గెలుస్తాయి. బురద నుంచి పెంచేటప్పుడు వాటిని ఆపడానికి వేరే మందు వేయాల్సి రావడం ఇందుకే.

కణం లోపల జరిగేది వుడ్-యుంగ్‌డాల్ మార్గం. అందులో రెండు శాఖలు. ఒక శాఖలో కార్బన్ డయాక్సైడ్ ఫార్మేట్‌గా మారి, టెట్రాహైడ్రోఫోలేట్ అనే మోసే అణువు మీదకు ఎక్కి, మెట్టుమెట్టుగా మిథైల్ గుంపు అవుతుంది. ఫార్మేట్‌ను ఫోలేట్ మీదకు ఎక్కించడానికి ఒక ఏటీపీ (కణం శక్తిగా ఖర్చు పెట్టే అణువు) ఖర్చు. రెండో శాఖలో ఇంకో కార్బన్ డయాక్సైడ్, సీఓడీహెచ్ అనే ఎంజైమ్ మీద కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. మిథైల్ గుంపు, మోనాక్సైడ్, కోఎంజైమ్-ఎ మూడూ కలిస్తే ఎసిటైల్-కోఎ. అది చివర ఎసిటేట్ అయ్యేటప్పుడు ఒక ఏటీపీ తిరిగి వస్తుంది. రూపాయి పెట్టి రూపాయే తీసుకునే వ్యాపారం ఇది. మరి కణం దేనితో పెరగాలి? పొర మీద ఉన్న అయాన్ల తేడాతో. ఎసిటోబ్యాక్టీరియం వుడిఐ అనే ఎసిటోజెన్‌లో ఆర్ఎన్ఎఫ్ అనే పొర ఎంజైమ్, ఎలక్ట్రాన్లను మోసే ఫెరెడాక్సిన్ నుంచి అలాంటిదే అయిన ఎన్ఏడీకి ఎలక్ట్రాన్లు పంపుతూ సోడియం అయాన్లను బయటికి తోస్తుంది. ఆ సోడియం లోపలికి తిరిగి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. అన్నీ లెక్కేస్తే ఒక ఎసిటేట్‌కు మిగిలేది సుమారు 0.3 ఏటీపీ.

చక్కెర మీద ఈ ఇబ్బంది లేదు. ఒక ఫ్రక్టోజ్ అణువు మూడు ఎసిటేట్ అణువులవుతుంది. గ్లైకాలిసిస్‌లోనే ఏటీపీ దొరుకుతుంది కాబట్టి మీడియంలో నికెల్ తక్కువైనా, సోడియం తక్కువైనా కల్చర్ ఎలాగో పెరుగుతుంది. గ్యాస్ మీదకు మార్చినప్పుడే ఆ లోపం బయటపడుతుంది.

మీడియంలో వేయాల్సినవి కూడా ఈ మార్గాన్ని బట్టే తెలుస్తాయి. సీఓడీహెచ్‌కు నికెల్, ఇనుము కావాలి. మిథైల్ గుంపును మోసే ప్రొటీన్‌కు కోబాల్ట్ కావాలి. ఫార్మేట్ ఎంజైమ్‌కు సెలీనియంతోపాటు జీవిని బట్టి టంగ్‌స్టన్ గానీ మాలిబ్డినం గానీ కావాలి. వుడిఐ లాంటి వాటికి సోడియం తప్పదు.

ఏ జీవి, ఏ ఉష్ణోగ్రత

మన ఊళ్లో ఈ ప్రశ్నకు జవాబు ల్యాబ్‌లో ఏ ఇంక్యుబేటర్ ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. ఎసిటోబ్యాక్టీరియం వుడిఐకి 30 డిగ్రీలు కావాలి. 1977లో వర్ణించిన ఈ జీవి టైప్ స్ట్రెయిన్ (జాతికి ప్రమాణంగా దాచిన కల్చర్) డీఎస్ఎం 1030. మామూలు ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. రోహిణి కార్తెలో విజయవాడలో గది ఉష్ణోగ్రతే 38 దాటుతుంటే, 30కి సెట్ చేసిన ఇంక్యుబేటర్ కూడా 38లోనే ఉంటుంది. కంప్రెసర్ ఉన్న బీఓడీ ఇంక్యుబేటర్ ఉంటేనే వుడిఐని తీసుకోండి. అది లేకపోతే 37 డిగ్రీల దగ్గర పెరిగే క్లాస్ట్రిడియం యుంగ్‌డాలిఐ గానీ, 55 నుంచి 60 డిగ్రీలు కోరే మూరెల్లా థర్మోఎసిటికా గానీ ఎంచుకోవచ్చు. మూరెల్లాకు వాటర్ బాత్ చాలు, ఎండాకాలం దాన్ని ఏమీ చేయదు. యుంగ్‌డాలిఐకి పీహెచ్ 6 దగ్గర ఉండాలి, ఎసిటేట్‌తోపాటు కొంత ఇథనాల్ కూడా చేస్తుంది. లెక్క శుభ్రంగా తేలాలంటే మొదటి ప్రాజెక్టుకు అది వద్దు.

స్ట్రెయిన్ కొనే వీలు లేకపోతే బురద నుంచే పెంచుకోవచ్చు. కింద చెప్పే పద్ధతి అందుకే.

సామాను

సీరం బాటిళ్లు, మందమైన బ్యూటైల్ రబ్బరు బిరడాలు, అల్యూమినియం మూతలు, వాటిని బిగించే క్రింపర్ కావాలి. బిరడాల దగ్గర పొదుపు చేయొద్దు. ఇంజెక్షన్ సీసాలకు వచ్చే పలుచని బిరడాలు నాలుగైదుసార్లు సూది గుచ్చగానే కారతాయి. సిలికాన్ బిరడా చూడటానికి గట్టిగానే ఉంటుంది గానీ ఆక్సిజన్‌ను లోపలికి వదిలేస్తుంది, దాన్ని అసలు వాడొద్దు.

100 మి.లీ. అని అమ్మే సీసాను నమ్మకుండా అంచుదాకా నీళ్లు పోసి, ఆ నీళ్లు కొలిచి చూడండి. సాధారణంగా 120 మి.లీ. దాకా పడతాయి. 50 మి.లీ. మీడియం పోస్తే గ్యాస్‌కు మిగిలేది 70. తర్వాత చేసే ప్రతి లెక్కకూ ఈ 70 ఆధారం. పగుళ్లు, గీతలు ఉన్న సీసాలు పక్కన పడేయండి. ఒత్తిడి పెట్టేది గాజు సీసాలో అని గుర్తుంచుకోండి, కళ్లద్దాలు లేకుండా ఆ పనికి కూర్చోవద్దు.

గ్యాసులు: 80 శాతం నైట్రోజన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిసిన సిలిండర్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి, విడిగా కొంచెం నైట్రోజన్. మామూలు నైట్రోజన్‌లో మిగిలిపోయే ఆక్సిజన్‌ను తీయడానికి 350 డిగ్రీలకు వేడి చేసిన రాగి గొట్టం గుండా పంపడం పాత పద్ధతి. ఆ గొట్టం లేకపోతే 99.999 శాతం గ్రేడ్ అడిగి తెప్పించుకోండి. హైడ్రోజన్ రెగ్యులేటర్ మర ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. ఎక్కడం లేదనుకుని స్పానర్‌తో కుడివైపు లాగి మర పాడు చేయకండి.

మీడియం

లీటరుకు ఇవి తూచుకోండి: అమ్మోనియం క్లోరైడ్ 1 గ్రా., పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.33 గ్రా., డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.45 గ్రా., మెగ్నీషియం క్లోరైడ్ 0.1 గ్రా., ఉప్పు 1 గ్రా., ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1 గ్రా., ట్రేస్ లోహాల ద్రావణం 10 మి.లీ., 0.1 శాతం రెసజురిన్ (ఆక్సిజన్ ఉంటే గులాబీ రంగు చూపి, పోతే రంగు కోల్పోయే సూచిక) 1 మి.లీ. విడిగా పెట్టుకోవాల్సినవి: సోడియం బైకార్బనేట్ 5 గ్రా., సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ 0.5 గ్రా.

మెగ్నీషియం సల్ఫేట్ కాకుండా క్లోరైడ్ ఎందుకంటే, సల్ఫేట్ ఉంటే బురదలోని సల్ఫేట్ తినే బ్యాక్టీరియా మీ హైడ్రోజన్‌ను లాగేసుకుంటుంది. శుద్ధ కల్చర్‌కైతే ఈ పట్టింపు అక్కర్లేదు.

ట్రేస్ ద్రావణం ల్యాబ్‌లో ముందే ఉంటే దాని లేబుల్ చదవండి. ఇనుము, కోబాల్ట్, జింక్, మాంగనీస్ ఉండి, నికెల్, సెలీనియం, టంగ్‌స్టన్ లేని పాత ఫార్ములాలు చాలాచోట్ల ఇంకా వాడుకలో ఉన్నాయి. వాటితో ఫ్రక్టోజ్ సీసా పెరుగుతుంది, గ్యాస్ సీసా పెరగదు. అలాంటి ద్రావణానికి లీటరుకు నికెల్ క్లోరైడ్ 30 మి.గ్రా., సోడియం సెలెనైట్ 0.3 మి.గ్రా., సోడియం టంగ్‌స్టేట్ 0.4 మి.గ్రా. కలపండి. చివరి రెండూ తూకానికి అందేంత ఉండవు కాబట్టి ముందు గాఢ ద్రావణం చేసుకుని అందులోంచి తీయాలి. సెలెనైట్ విషం, గ్లవ్స్ వేసుకోండి.

నీళ్లు డిస్టిల్డ్ మాత్రమే. బోరు నీళ్లలోని కాల్షియం ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా అడుక్కి దిగుతుంది. లోహాలు కొన్ని దాంతోపాటే పోతాయి.

ఇక కాచడం. రెండు లీటర్ల ఫ్లాస్క్‌లో లీటరు మీడియం తీసుకుని 10 నిమిషాలు మరగనివ్వండి. రెసజురిన్ వల్ల నీలంగా ఉన్న ద్రవం మెల్లగా గులాబీ రంగుకు వస్తుంది. మంట ఆపగానే పొడవాటి సూదితో నైట్రోజన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమాన్ని ద్రవం పైభాగంలోకి వదులుతూ ఐసు నీళ్లలో చల్లార్చండి. గ్యాస్ పెట్టకుండా చల్లారిస్తే, ఆవిరి తగ్గినంత గాలి లోపలికి వెళ్తుంది. చేతికి గోరువెచ్చగా అయ్యాక బైకార్బనేట్, సిస్టీన్ వేసి, సూదిని ద్రవంలోకి దించి 15 నిమిషాలు బుడగలు రానివ్వండి. గులాబీ రంగు పలచబడుతూ పోతుంది. పూర్తిగా పోకపోతే కంగారు పడొద్దు, ఆటోక్లేవ్ వేడికి మిగతాది పోతుంది.

బైకార్బనేట్ ఉన్న మీడియానికి ఒట్టి నైట్రోజన్ పెట్టడం తరచూ జరిగే పొరపాటు. అప్పుడు కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ 8 దాటుతుంది, మీడియం పాలలా అవుతుంది. 20 శాతం కార్బన్ డయాక్సైడ్ కింద 5 గ్రాముల బైకార్బనేట్ పీహెచ్‌ను 7.2 దగ్గర ఉంచుతుంది. ఆమ్లమో క్షారమో పోసి సర్దాల్సిన అవసరం రాదు. పీహెచ్ చూడాలంటే సీసా తెరిచిన వెంటనే చూడండి. బీకరులో పెట్టి టీ తాగి వస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి అంకె పెరిగి ఉంటుంది.

సీసాల్లోకి కూడా గ్యాస్ పెడుతూనే 50 మి.లీ. చొప్పున పంచి, గ్యాస్ సూది బయటికి తీస్తూ అదే క్షణంలో బిరడా నొక్కి, మూత బిగించండి. 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్. సీసాలను జాలి బుట్టలో పెట్టి, ఆటోక్లేవ్ పూర్తిగా చల్లారాకే మూత తీయండి. మూసిన సీసా లోపల ఒత్తిడి ఉంటుంది, తొందరపడితే పేలుతుంది.

వేడికి తట్టుకోనివి, ముందే కలపకూడనివి తర్వాత సిరంజితో ఇవ్వాలి. మిగిలిన ఆక్సిజన్‌ను తీసే 5 శాతం సోడియం సల్ఫైడ్ 0.5 మి.లీ., వడకట్టి శుద్ధి చేసిన విటమిన్ల ద్రావణం 0.5 మి.లీ., చక్కెర సీసాలకు 20 శాతం ఫ్రక్టోజ్ 0.5 మి.లీ. వుడిఐకి విటమిన్లలో పాంటోథెనేట్ తప్పనిసరి. సల్ఫైడ్ ద్రావణం నైట్రోజన్ కిందే చేయండి. కార్బన్ డయాక్సైడ్ కింద చేస్తే హైడ్రోజన్ సల్ఫైడ్‌గా ఎగిరిపోతుంది, అది మనకూ ప్రమాదమే. ఈ పని ఫ్యూమ్ హుడ్‌లో. సల్ఫైడ్ వేయగానే పలుచని నల్లటి మసక వస్తే అది ఇనుము సల్ఫైడ్, ఇబ్బంది లేదు.

ఫ్రక్టోజ్ లీటరుకు 2 గ్రాములే ఎందుకు? 2 గ్రాములంటే 11 మిల్లీమోలార్, దాని నుంచి 33 మిల్లీమోలార్ ఎసిటిక్ ఆమ్లం. మన బైకార్బనేట్ 60 మిల్లీమోలార్, అది ఈ ఆమ్లాన్ని మోయగలదు. ఎక్కువ పంట వస్తుందని 10 గ్రాములు వేస్తే 160 దాటిన ఆమ్లం వస్తుంది, బఫర్ సగంలోనే అయిపోతుంది, పీహెచ్ కూలి కల్చర్ చచ్చిపోతుంది.

బురద ఎక్కడ, ఎప్పుడు

తెనాలి, దుగ్గిరాల వైపు వరి పొలాల్లో ఊడ్పులయ్యాక మూడు నాలుగు వారాలకు, మడిలో నీళ్లు నిలిచి ఉన్నప్పుడు తీసిన బురద మంచిది. రైతును అడిగే తీయండి. ఈ మధ్య సూపర్ ఫాస్ఫేట్ గానీ జిప్సం గానీ చల్లారేమో కనుక్కోండి. రెండిట్లోనూ సల్ఫేట్ ఉంది. నిజాంపట్నం, బాపట్ల వైపు ఉప్పు నేలలూ ఈ కారణంగానే వద్దు. విజయవాడలో బందరు, ఏలూరు, రైవస్ కాలువలు చేతికందే దూరంలో ఉన్నాయి గానీ ఊళ్లోని భాగంలో మురుగు కలుస్తుంది. నల్లగా, కుళ్లిన గుడ్ల వాసనతో వచ్చే బురదలో సల్ఫేట్ తినేవి ముందే తిష్ట వేసి ఉంటాయి. గోబర్ గ్యాస్ తొట్టి స్లర్రీలో ఎసిటోజెన్లు ఉంటాయి, మీథేన్ చేసేవి వాటికంటే బలంగా ఉంటాయి.

పైన ఉన్న గోధుమ రంగు పొరను పక్కకు తోసి, 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున తీయండి. మరమూత సీసాలో బురద వేసి, అదే మడి నీళ్లతో అంచుదాకా నింపి, గాలి బుడగ మిగలకుండా మూత పెట్టండి. బండి డిక్కీలో ఎండకు వదలొద్దు.

ల్యాబ్‌లో 10 గ్రాముల బురదను 90 మి.లీ. మీడియంలో గ్యాస్ కింద కలిపి, దాంట్లోంచి 5 మి.లీ. చొప్పున సీసాలకు వేయండి. కనీసం నాలుగు రకాల సీసాలు పెట్టాలి. మొదటిది హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌తోపాటు బ్రోమోఈథేన్ సల్ఫోనేట్ 20 మిల్లీమోలార్ వేసినది. ఒక మోలార్ ద్రావణం 1 మి.లీ. వేస్తే సరిపోతుంది. మీథేన్ తయారీ చివరి మెట్టులో ఉండే కోఎంజైమ్-ఎంను పోలిన ఈ రసాయనం ఆ మెట్టునే మూసేస్తుంది. రెండోది అదే మందుతో, హైడ్రోజన్ లేకుండా. బురదలోని గడ్డిగాదం నుంచి కూడా ఎసిటేట్ వస్తుంది కాబట్టి ఈ సీసా లేకపోతే మీ అంకెకు విలువ లేదు. మూడోది మందు లేకుండా హైడ్రోజన్‌తో. నాలుగోది బురద కలిపిన ద్రవాన్ని 80 డిగ్రీల నీళ్లలో 10 నిమిషాలు ఉంచి వేసినది. ఆ వేడికి మీథేన్ చేసేవి పోయి, స్పోర్లు (వేడికి తట్టుకునే నిద్రాణ కణాలు) ఉన్న క్లాస్ట్రిడియం, స్పోరోమ్యూసా, మూరెల్లా లాంటివి మిగులుతాయి. స్పోర్లు లేని ఎసిటోబ్యాక్టీరియం కూడా పోతుంది, అందుకే ఈ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

స్పోర్ల మొండితనానికి ఒక ఉదాహరణ చెప్పాలి. 1936లో వీరింగా అనే శాస్త్రవేత్త వేరుచేసిన క్లాస్ట్రిడియం ఎసిటికం అనే ఎసిటోజెన్ కల్చర్ తర్వాత ఎక్కడా దొరక్కుండా పోయింది. పాత స్పోర్ల నిల్వ ఒకటి ఉండబట్టి 1981 నాటికి దాన్ని మళ్లీ బతికించగలిగారు.

హైడ్రోజన్ నింపడం

ఈ పని చేసే బల్ల మీద స్పిరిట్ దీపం, బన్సెన్ బర్నర్ ఉండకూడదు. సూది మొన, బిరడా మంటలో చూపించే అలవాటు మైక్రోబయాలజీ వాళ్లకు చేతుల్లోనే ఉంటుంది. ఇక్కడ దాన్ని మానుకోండి. గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే నిప్పురవ్వ చాలు. బిరడాను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. కిటికీలు తెరిచి, ఏసీ ఆపేయండి.

నైట్రోజన్-కార్బన్ డయాక్సైడ్ మిశ్రమంతో నిండి ఉన్న సీసాకు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్ తగిలించిన 23 గేజి సూదితో హైడ్రోజన్ ఎక్కించి, సూది ఉన్న ప్రెషర్ గేజ్‌లో 1 బార్ చూపించగానే ఆపండి. అంతకు మించి వద్దు. ఈ 1 బార్ హైడ్రోజన్ 70 మి.లీ. స్థలంలో, 30 డిగ్రీల దగ్గర 2.8 మిల్లీమోల్స్. నాలుగుకు ఒకటి చొప్పున 0.7 మిల్లీమోల్ ఎసిటేట్, అంటే 50 మి.లీ.లో 14 మిల్లీమోలార్. 80:20 హైడ్రోజన్-కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే, ఫ్యూమ్ హుడ్‌లో రెండు సూదులతో ఐదు నిమిషాలు పాత గ్యాస్ తోసేసి, అదే 1 బార్‌కు నింపండి. అప్పుడు 22 మిల్లీమోలార్ దాకా వస్తుంది. ఒక్కసారి నింపితే రాగలిగేది ఇంతే. ఇంతకంటే ఎక్కువ వచ్చిందంటే అది ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నుంచో, బురద నుంచో వచ్చింది.

సీసాలను పడుకోబెట్టి, షేకర్ మీద నిమిషానికి 100 నుంచి 150 తిప్పులతో ఆడించండి. నిలబెట్టి ఉంచితే గ్యాస్ కరగదు. లెక్క చూడండి: 30 డిగ్రీల నీటిలో, ఒక బార్ హైడ్రోజన్ కింద లీటరుకు కరిగేది 0.75 మిల్లీమోల్. 22 మిల్లీమోలార్ ఎసిటేట్‌కు లీటరుకు 88 మిల్లీమోల్స్ హైడ్రోజన్ కావాలి. నీళ్లలో ఒక్కసారి పట్టే దానికంటే పదుల రెట్లు ఎక్కువ, అంతా పైనున్న గ్యాస్ నుంచి దిగుతూనే ఉండాలి. ఆడించని సీసాలో బ్యాక్టీరియా ఆకలితో కూర్చుంటుంది, మీరు మీడియాన్ని తిట్టుకుంటారు.

శుద్ధ కల్చర్‌ను ఫ్రక్టోజ్ నుంచి గ్యాస్‌కు మార్చేటప్పుడు 5 శాతం, అంటే 2.5 మి.లీ., వేయండి. ఫ్రక్టోజ్ మీద ఆరేడు గంటలకు రెట్టింపయ్యే వుడిఐ గ్యాస్ మీద సుమారు ఒక రోజు తీసుకుంటుంది. పైగా మొదటి మార్పిడిలో కొన్ని రోజులు కదలిక ఉండదు. అదే సీసా నుంచి రెండోసారి, మూడోసారి గ్యాస్‌కే మారిస్తే ఆ ఆలస్యం తగ్గుతుంది. సిరంజిని ప్రతిసారీ ఖాళీ నైట్రోజన్ సీసాలోంచి మూడుసార్లు లాగి వదిలి వాడండి. సిరంజిలో మిగిలిన గాలి చాలు, సీసా గులాబీ రంగు ఎక్కడానికి.

కొలవడం

రోజూ ఒకే వేళకు, షేకర్ నుంచి తీసిన వెంటనే ప్రెషర్ చూడండి. ఎసిటేట్ అవుతుంటే ఆరు గ్యాస్ అణువులు మాయమై ఏమీ తిరిగి రావు. మీథేన్ అయితే ఐదు పోయి ఒకటి తిరిగి వస్తుంది. ప్రెషర్ దిగుతోంది, ఆమ్లం మాత్రం రావడం లేదంటే అనుమానించాల్సింది మీథేన్‌నే. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు ఉంటే, 420 నానోమీటర్ల వెలుగులో మీథేన్ చేసేవి నీలి ఆకుపచ్చగా మెరుస్తాయి, ఎసిటోజెన్లు మెరవవు.

గేజ్ సున్నా కిందకు వెళ్లనివ్వొద్దు. లోపల ఒత్తిడి తగ్గితే బిరడా మధ్యలో లోపలికి గుంటపడి, పాత సూది రంధ్రాల గుండా గాలి లాగుతుంది. 0.2 బార్ దగ్గరికి రాగానే మళ్లీ నింపండి. నింపేటప్పుడు హైడ్రోజన్ ఒక్కటే కాదు, అప్పుడప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా ఇవ్వాలి. లేకపోతే రెండో మూడో విడతకు అదే కరువవుతుంది.

ఎసిటేట్ కొలవడానికి హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) ఉన్నచోట ఆర్గానిక్ యాసిడ్ కాలమ్, 5 మిల్లీమోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, నిమిషానికి 0.6 మి.లీ. ప్రవాహం సరిపోతాయి. లేనిచోట డిస్టిలేషన్, టైట్రేషన్ ఉన్నాయి. రెండు సీసాలు కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసిన పై తేటను 100 మి.లీ. తీసుకోండి. 100 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లు, 5 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం జాగ్రత్తగా కలిపి మరిగించండి. బైకార్బనేట్ బుస్సుమని పొంగుతుంది కాబట్టి 500 మి.లీ. ఫ్లాస్క్ కావాలి. మొదట దిగే 15 మి.లీ. పారబోయండి, కరిగిన కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ అందులోనే వస్తాయి. తర్వాతి 150 మి.లీ. పట్టి, 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో, ఫినాల్ఫ్తలీన్ పెట్టి టైట్రేట్ చేయండి. ఆమ్లం మొత్తం దిగదు కాబట్టి తెలిసిన గాఢత ఉన్న ఎసిటిక్ ఆమ్లాన్ని ఇదే విధంగా దించి, మీ గాజు సామానుకు ఎంత శాతం వస్తోందో ముందే తేల్చుకోవాలి. 70 శాతం దిగే అమరికలో 22 మిల్లీమోలార్ నమూనాకు సుమారు 15.4 మి.లీ. క్షారం పడుతుంది. ఈ పద్ధతి బ్యూటిరిక్, ప్రొపియానిక్ ఆమ్లాలను కూడా కలిపి లెక్కిస్తుందని మర్చిపోవద్దు.

తేడా వస్తే

సీసా గులాబీ రంగుకు తిరిగితే 0.1 మి.లీ. సల్ఫైడ్ ఇంకా వేసి చూడండి. రంగు పోయి మళ్లీ మర్నాటికి వస్తే బిరడా కారుతోంది, ఆ సీసాను వదిలేయండి. 

చక్కెర మీద పెరిగి గ్యాస్ మీద పెరగకపోతే ఈ వరసలో చూడండి: షేకర్ నడుస్తోందా, ట్రేస్ ద్రావణంలో నికెల్ ఉందా, సెలీనియం, టంగ్‌స్టన్ ఉన్నాయా, సోడియం లవణాలకు బదులు పొటాషియం లవణాలు వాడారా. చివరిది ఎవరికీ తట్టదు. అల్మరాలో సోడియం లవణాలు అయిపోయాయని బైకార్బనేట్, ఉప్పు రెండింటికీ బదులు పొటాషియం లవణాలు వేస్తే పీహెచ్ సరిగ్గానే ఉంటుంది, వుడిఐకి మాత్రం ఏటీపీ సరిగ్గా పుట్టదు.

మొదట్లో ఎసిటేట్ పెరిగి తర్వాత తగ్గితే, దాన్ని తిని మీథేన్ చేసేవి సీసాలో ఉన్నాయి. మందు లేని మూడో సీసాలో ఇది మామూలే. మొదటి సీసాలోనూ జరిగితే మందు పాతబడింది లేదా తక్కువ వేశారు. తెరవగానే ముక్కిన నెయ్యి వాసన వస్తే బ్యూటిరేట్ చేసే క్లాస్ట్రిడియంలు ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ మీద బతుకుతున్నాయి. మార్పిడికో సగం చొప్పున ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తగ్గిస్తూ, గ్యాస్ మీదే ఐదు మార్పిడులు చేస్తే అవి వెనకబడతాయి. బురద సీసాల మొదటి విడతకు ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అంతవరకు ఓపిక పట్టండి, ప్రెషర్ సగం దిగాకే మార్చండి.

కరెంటు పోతే 30 డిగ్రీల కల్చర్లను ఐసు పెట్టెలో పెట్టొద్దు. థర్మోకోల్ పెట్టెలో మామూలు నీళ్ల సీసాల మధ్య ఉంచితే చాలు. చల్లబడితే పెరుగుదల ఆగుతుంది అంతే, బాగా వేడెక్కితేనే నష్టం.

వేరుచేసి దాచడం

ఐదో మార్పిడి తర్వాత 2 శాతం అగర్ కలిపిన ఇదే మీడియాన్ని గొట్టాల్లో కరిగించి 45 డిగ్రీల దగ్గర ఉంచుకుని, పదింతల చొప్పున ఎనిమిది గొట్టాల దాకా పలుచన చేసి, ఐసు నీళ్లలో దొర్లిస్తే గోడకు పలుచని పొర కడుతుంది. ఇది 1950లో హంగేట్ అనే మైక్రోబయాలజిస్టు చెప్పిన పద్ధతి, ఇప్పటికీ గ్లవ్ బాక్స్ లేని ల్యాబులకు ఇదే దిక్కు. విడివిడిగా ఉన్న కాలనీని సూదితో తీసి ద్రవ మీడియానికి మార్చి, ఇంకో రెండుసార్లు ఇదే చేయండి. వచ్చినది ఎసిటోజెనే అని చెప్పాలంటే మూడు కావాలి: హైడ్రోజన్ ఉన్న సీసాలో లేని సీసాకంటే స్పష్టంగా ఎక్కువ ఎసిటేట్, ఫ్రక్టోజ్ ఒకటికి ఎసిటేట్ 2.5 నుంచి 3 మధ్య, పీసీఆర్‌లో ఏసీఎస్‌బీ జన్యువు (ఎసిటైల్-కోఎ చేసే ఎంజైమ్‌ది). ఫార్మేట్‌ను ఫోలేట్ మీదకు ఎక్కించే ఎంజైమ్‌కు చెందిన ఎఫ్‌హెచ్‌ఎస్ జన్యువు ఒక్కటే చూసి తేల్చేయకండి, ఎసిటోజెన్లు కానివాటిలోనూ అది కనబడుతుంది.

నిల్వకు ఫ్రక్టోజ్ మీద పెరుగుతున్న కల్చర్‌ను, బాగా మసకగా ఉన్నప్పుడే, గాలి తీసేసిన గ్లిసరాల్‌తో 20 శాతం అయ్యేలా కలిపి, మూసిన చిన్న సీరం సీసాల్లో మైనస్ 80లో పెట్టండి. పెరుగుదల ఆగిపోయి ఆమ్లంలో నానిన కల్చర్‌ను దాస్తే తిరిగి లేవదు. వాడేసిన హైడ్రోజన్ సీసాలను ఆటోక్లేవ్‌లో పెట్టే ముందు ఫ్యూమ్ హుడ్‌లో సూది గుచ్చి గ్యాస్ వదిలేయండి. సల్ఫైడ్ ఉన్న ద్రవంలో ఆమ్లం పోసి సింక్‌లో ఒంపకండి.